వెయ్యి అడుగుల కింద వేల ఏళ్ల నాటి నీళ్లు ఉంటాయా? బోరు బండివాళ్ల మాట నమ్మొచ్చా?

బత్తాయి_తోట
మాది మునుగోడు దిక్కు. బత్తాయి తోట. ఉన్న బోర్లల్ల ఒకటి పోయిన ఎండకాలమే ఎండింది, ఇంకోటి గంట పోసి ఆగుతది, మళ్ల ఊరేదాక చూడాలె. మొన్న బోరు బండి ఏజెంట్ ఒకాయన వచ్చి మా నాయిన దగ్గర కూసొని చెప్పిండు: "ఆరేడు వందల దాక ఉన్నయి వాన నీళ్లు, అవి అయిపోయినయ్. పన్నెండు వందలకు పోతే పాతకాలం గంగ తగుల్తది. వేల ఏండ్ల కింద వానలు మస్తు పడ్డప్పుడు నిండిన నీళ్లు అవి, ఎంత తోడినా ఒడువయ్." నాయిన పూర్తిగ నమ్మిండు. పైసలకు అప్పుకోసం తిరుగుతున్నడు.

నేను అడిగేది రెండే. వేల ఏండ్ల నాటి నీళ్లు భూమిల ఉంటాయన్నది నిజమా అబద్ధమా? ఉంటే మా గ్రానైట్ బండల ఉంటాయా? సైన్స్ తెలిసినోళ్లు సూటిగ చెప్పుండ్రి. మా నాయినకు చదివి వినిపిస్త.

కేసింగ్_పైపు
మా దగ్గర 850 అడుగుల కాడ గ్యాప్ (బండల పగులు) తగిలింది, రెండు ఇంచుల నీళ్లు పోసింది. ఊరంతా వచ్చి చూసింది. రెండు ఎండకాలాలు నడిచింది, మూడోదాంట్లె మోటారు కాలింది గాని నీళ్లు రాలే. ఒడువని గంగ అయితే అది కాదు తమ్మీ.

శిలాపథం
ఏజెంట్ చెప్పినదాంట్లో ఒక ముక్క నిజం ఉంది, దాన్ని తెచ్చి మీ ఊరికి అంటగట్టాడు. వేల ఏళ్ల నాటి భూగర్భ జలం అనేది నిజంగానే ఉంటుంది. ఎక్కడుంటుంది, మీ కింద ఏముంది అన్నది వేరే సంగతి. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, నాన్నగారికి చదివి వినిపిస్తానన్నారు కాబట్టి.

మునుగోడు, చౌటుప్పల్, మహేశ్వరం, మొత్తం ఆ పట్టీ అంతా దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. ఆ రాయిలో రంధ్రాలు ఉండవు, అది నీళ్లు పీల్చుకోదు. నీళ్లు ఉండేది రెండు చోట్ల. పైన రాయి కుళ్లి మొరం అయిన పొర, అది చాలాచోట్ల 50–60 అడుగుల లోపు. దాని కింద పగుళ్లు నిండిన బండ పొర, అది ఇంకో అరవై డెబ్బై అడుగులు. ఈ రెండో పొరే మన బోర్లను బతికించింది. దాని కింద గట్టి బండ. అందులో పగుళ్లు అసలే ఉండవని కాదు, అరుదుగా ఉంటాయి, ఒకదానితో ఒకటి కలవవు.

ఇది నేను ఊహించి చెప్పడం కాదు. హైదరాబాద్ ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), ఫ్రాన్స్ భూగర్భ శాస్త్ర సంస్థ కలిసి 1999లో మొదలుపెట్టిన పరిశోధనా కేంద్రం మహేశ్వరం దగ్గర 53 చదరపు కిలోమీటర్ల వాగు పరివాహకాన్ని ఏళ్ల తరబడి కొలిచింది. అప్పట్లో అక్కడ సాగు బోర్లే 700 పైచిలుకు ఉండేవి. ఏ లోతులో ఎంత నీరు ఇస్తున్నాయో లెక్క తీస్తే, నీరిచ్చే పగుళ్లలో ఎక్కువ భాగం పై 130 అడుగుల్లోనే తేలాయి. మీకు దగ్గర్లోనే చౌటుప్పల్‌లో వాళ్ల ప్రయోగ క్షేత్రం కూడా ఉంది, అక్కడ పగుళ్లలో నీళ్లు ఎలా కదులుతాయో ఇప్పటికీ చూస్తున్నారు.

కేసింగ్_పైపు గారి 850 అడుగుల బోరు సంగతి కూడా ఇందులోనే ఉంది. ఒక పగులు తగిలింది, అందులో ఉన్నంత నీరు వచ్చింది. పైనుంచి దానికి సరిగ్గా దారి లేదు, కాబట్టి మళ్లీ నిండలేదు. మొదటి రోజు కంప్రెసర్ గాలికి ఎగజిమ్మిన ఇంచుల లెక్క చూసి బోరును ఎప్పుడూ నమ్మకూడదు.

మెట్ట_రైతు
శిలాపథం గారూ, మీరు చెప్పింది అన్ని ఊళ్లకీ కుదరదండి. మాది జంగారెడ్డిగూడెం దగ్గర. మా పామాయిల్ తోటల్లో ఐదారు వందల అడుగుల బోర్లే అన్నీ. పై నీళ్లు అయిపోతే లోతుకి దింపాం, దింపిన ప్రతిసారీ పడ్డాయి. లోతుకెళ్తే నీళ్లు లేవనడం తప్పు.

శిలాపథం
మెట్ట_రైతు గారూ, మీ కింద గ్రానైట్ లేదు. చింతలపూడి, జంగారెడ్డిగూడెం మెట్ట అంతా గోండ్వానా ఇసుకరాయి. అది రాయి మొత్తం నీళ్లు పట్టుకుంటుంది, లోతుకు పోయేకొద్దీ పొరల మీద పొరలు తగులుతాయి. మీ లెక్క మీ ఊళ్లో నిజం. అదే లెక్క పట్టుకుని మునుగోడులో అప్పు చేస్తే మునిగిపోతారు. ఏజెంట్లు చేసేదే అది, ఒక నేల అనుభవం తీసుకెళ్లి ఇంకో నేలలో అమ్ముతారు.

మీరు "దింపిన ప్రతిసారీ పడ్డాయి" అన్నారు కానీ, దింపాల్సి ఎందుకు వచ్చిందో కూడా చూడాలి కదండీ. మట్టం కిందికి పోతోంది కాబట్టేగా.

మెట్ట_రైతు
అది కాదనను. మా చిన్నప్పుడు ఆయిల్ ఇంజన్లతో తోడేవాళ్లం, ఇప్పుడు మోటారు హెచ్‌పీ పెంచుకుంటూ పోతున్నాం. అయినా నీళ్లయితే ఉన్నాయిగా.

టెంకాయ_పాయింట్
మా తాత వేప పుల్లతో పాయింట్ పెట్టేవాడు. వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే భూమిలో నీళ్లు కనిపెట్టే విద్య రాసి పెట్టాడు. ఏ చెట్టు పక్కన, పుట్టకు ఏ దిక్కున, ఎంత లోతులో జల ఉంటుందో అన్నీ చెప్పాడు. మిషన్లొచ్చి ఇదంతా మూఢనమ్మకం అంటే ఎలా?

శిలాపథం
వరాహమిహిరుడి బృహత్సంహితలో దకార్గళం అధ్యాయం గురించేగా మీరు చెప్పేది. దాన్ని మూఢనమ్మకం అని ఇక్కడ ఎవరూ అనలేదు. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో ఇ.ఎ.వి. ప్రసాద్ గారు ఆ అధ్యాయాన్ని జియాలజీ కళ్లతో చదివి పుస్తకమే రాశారు. పుట్టలు, చెట్లు, మట్టి రంగు, రాయి రంగు, ఇవన్నీ చూసి తెలుసుకునే గుర్తులు. చెదలకు తడి కావాలి, కొన్ని చెట్ల వేళ్లకు తడి కావాలి, అందుకని ఆ గుర్తుల్లో అర్థం ఉంది. చేతిలో టెంకాయ నిలబడ్డం, పుల్ల వంగడం ఆ అధ్యాయంలో చెప్పిన పద్ధతులు కావు. రెండూ ఒకటి చేయొద్దు.

ఇంకోటి, ఆయన చెప్పిన లోతులు మనిషి ఎత్తుల లెక్కలో ఉంటాయి. తవ్వుడు బావుల లోతు అది. పన్నెండు వందల అడుగుల బండలో సన్నని పగులు ఎక్కడుందో పుట్ట చెప్పలేదు. ఆ మాటకొస్తే నాలుగు కడ్డీలు పాతి కరెంటు పంపే రెసిస్టివిటీ సర్వే కూడా ఆ లోతులో చెప్పలేదు. మొరం ఎంత మందం ఉంది, బండ ఎక్కడ మొదలవుతుంది అన్నది బాగానే చెబుతుంది. వెయ్యి అడుగుల కింద నాలుగు వేళ్ల మందం పగులు ఉందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే ఆ మనిషిని నమ్మకండి.

టెంకాయ_పాయింట్
మా తాత పెట్టిన పాయింట్లలో ఎన్నో పడ్డాయి సార్.

రాగి_సంగటి
అన్నా, మీ తాత కాలంలో నీళ్లు పైనే ఉండె. ఎక్కడ తవ్వినా పడేటివి. ఇప్పుడు పుల్ల కూడా వంగేదానికి జంకుతుంది.

ట్రిటియం
వేల ఏళ్ల నాటి నీళ్లు అంటున్నాం గానీ, నీళ్ల వయసు ఎలా తెలుస్తుందన్న ముక్క ఎవరూ ముట్టుకోలేదు. నా పీహెచ్‌డీ ఐసోటోపుల (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువుల) మీదే, కాబట్టి రాస్తున్నా.

నీటి అణువులో ఉండే హైడ్రోజన్‌లో చాలా కొద్ది భాగం ట్రిటియం. అది రేడియోధార్మికం, 12 ఏళ్ల పైచిలుకులో సగమైపోతుంది. 1950ల నుంచి 1963 దాకా గాలిలో హైడ్రోజన్ బాంబు పరీక్షలు చేశారు, ప్రపంచమంతా వాననీళ్లలో ట్రిటియం విపరీతంగా పెరిగింది. 1963లో శిఖరం. అందుకని బోరు నీళ్లలో ట్రిటియం చెప్పుకోదగినంత కనబడితే అందులో కొంతైనా ఆ తర్వాత పడ్డ వాన ఉన్నట్టు. అసలు లేకపోతే అంతకు ముందుది. ఇంకా పాత నీళ్లకు కార్బన్-14 వాడతారు. అది సగమవడానికి 5,730 ఏళ్లు పడుతుంది, కాబట్టి దాదాపు ముప్పై వేల ఏళ్ల దాకా లెక్క కట్టొచ్చు. నీళ్లలో కరిగిన సున్నపురాతి కార్బన్ ఈ లెక్కను చెడగొడుతుంది, దాన్ని సరిచేయడమే సగం పని.

ట్రిటియంతో ఇంకో అందమైన ప్రయోగం ఉంది. ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు దేశంలో ఎన్నో చోట్ల చేశారు. వానాకాలానికి ముందు పంట వేళ్ల కిందికి ట్రిటియం ఉన్న నీళ్లు కొద్దిగా ఎక్కించి గుర్తు పెడతారు. వానలు అయ్యాక అక్కడే మట్టి తీసి, ఆ గుర్తు ఎంత కిందికి జరిగిందో చూస్తారు. దాన్నిబట్టి ఆ ఏడు ఎంత వాన భూమిలోకి దిగిందో తెలుస్తుంది. అతావలే, రంగరాజన్ గార్లు ఆ లెక్కలన్నీ కలిపి 2000లో ప్రచురించారు. మన గ్రానైట్ నేలల్లో కురిసిన వానలో ఇంకేది పదో వంతుకు అటూ ఇటూ. మిగతాదంతా ఆవిరి, పంట, వాగు.

బత్తాయి_తోట
పదో వంతేనా?? మేము సగమన్న దిగుతది అనుకుంటున్నం.

ట్రిటియం మేడం, మరి వేల ఏండ్ల నీళ్లు దొరికిన చోటు ఏదన్న ఉన్నదా, మన దేశంల?

ట్రిటియం
ఉంది. హైదరాబాద్ వాళ్లే కొలిచారు. ఎన్‌జీఆర్‌ఐలో బి.ఎస్. సుఖీజా గారి బృందం తమిళనాడు తీరం వైపు వృద్ధాచలం, తిరువాడనై ప్రాంతాల్లో లోతు ఇసుకరాయి పొరల నీళ్లు తీసి కార్బన్-14 వయసు కట్టింది. 1998లో వచ్చిన పరిశోధన. పైన బంకమట్టి పొర మూతలా ఉండి, నీళ్లు ఎగువ నుంచి సముద్రం వైపు నెమ్మదిగా జారే పొరలు అవి. గత 30,000 ఏళ్ల వానలు వరసగా నిలవ ఉన్నాయి. ఆక్సిజన్ ఐసోటోపులు, క్లోరైడ్ చూసి ఏ కాలంలో వానలు బాగా పడ్డాయి, ఏ కాలం ఎండిపోయింది అని ఆ నీళ్లలోనే చదివారు. మంచుయుగం బాగా ముదిరిన కాలంలో, అంటే ఇప్పటికి ఇరవై వేల ఏళ్ల కిందట, ఋతుపవనాలు బలహీనపడ్డాయని సముద్రపు మట్టి చెప్పేదాన్ని బావి నీళ్లు కూడా చెప్పాయి. నేను ఈ రంగంలోకి రావడానికి అసలు కారణం ఆ ఒక్క పేపరే.

మీ ఏజెంట్ చెప్పిన కథ ఎక్కడైనా నిజమైతే అలాంటి చోట నిజం. కానీ "తోడినా తరగదు" అన్నది అక్కడ కూడా తప్పే. నీళ్ల వయసు ఇరవై వేల ఏళ్లు అంటే ఆ నీళ్లు అక్కడికి చేరడానికి అంత కాలం పట్టిందని అర్థం. తోడేస్తే మన తరంలో కాదు, మన తర్వాత ఎన్ని తరాలకైనా ఆ జాగా అలా నిండదు. పాత నీళ్లు దొరికాయంటే సంబరపడటం కాదు, భయపడాలి.

కేసింగ్_పైపు
ఈ ఒక్క మాట బోరు బండి మీద పెయింట్ కొట్టించాలె.

బోరు_రాజు
అందరూ లోతు బోర్లను తిడుతున్నారు కాబట్టి నా మాట కూడా వినండి. మా బోరు 950 అడుగులు, గ్రానైట్ నేలే, ఎన్నో ఏళ్లుగా ఆగకుండా పోస్తోంది. దానిమీదే పిల్లల్ని చదివించాను. లోతు పనికిరాదంటే ఒప్పుకోను.

శిలాపథం
పనికిరాదనలేదు రాజుగారూ, అరుదు అన్నాను. మీ బోరు పక్కన చెరువు గానీ, వాగు గానీ, దూరం నుంచి చీలిక గీతలా కనపడే పల్లం గానీ ఉందా?

బోరు_రాజు
చెరువు కట్ట కిందే. అలుగు పారిన ఏడు బోరు ఇంకా బాగా పోస్తుంది.

శిలాపథం
అయితే మీరు తోడేది ఆ చెరువునే. చీలిక ఒకటి చెరువు అడుగు నుంచి మీ బోరు దాకా ఉండుంటుంది. చెరువు నిండితే బోరు పెరుగుతోందంటే అవి ఈ ఏటి వానలు.

ట్రిటియం
ఇక్కడ చిన్న అడ్డు. చెరువు నిండగానే బోరు మట్టం లేచినంత మాత్రాన బోరులోకి వచ్చింది చెరువు నీళ్లే అనలేం. పైన బరువు, ఒత్తిడి పెరిగితే కింద ఉన్న పాత నీళ్లు కూడా పైకి లేస్తాయి. ఒత్తిడి రోజుల్లో ప్రయాణిస్తుంది, నీళ్లు ఏళ్లలో ప్రయాణిస్తాయి. ఏది వచ్చిందో ఐసోటోపులు చూస్తేనే తెలుస్తుంది. చెరువు నీళ్లు ఎండకు ఆవిరై ఉంటాయి కాబట్టి వాటిలో బరువైన ఆక్సిజన్ ఎక్కువ, అది బోరులో కనబడితే చెరువు నీళ్లు చేరినట్టు.

శిలాపథం
ఒప్పుకుంటున్నా. నేను చెప్పింది ఆ చీలికకు పైనుంచి దారి ఉందన్న వరకే. రాజుగారి బోరు అన్నేళ్లు ఆగకుండా నడిచిందంటే దారి ఉన్నట్టే.

ఓరుగల్లు_కోట
పాతకాలంలో వానలు మస్తుగ పడేవన్న మాట నిజమేనా? కాకతీయులు ఇన్ని చెరువులు కట్టించిండ్రంటే అప్పుడు కూడా కరువే ఉండి ఉంటది కదా. కాకతీయ రాజ్యం కూలిపోయింది కూడా కరువు వల్లనే అని ఎక్కడో చదివిన.

గోదారి_లంక
కూలింది కరువు వల్ల కాదండి. 1323లో ఢిల్లీ సుల్తాను సేనలు ఓరుగల్లు పట్టుకున్నాయి, అది యుద్ధం సంగతి. కరువుల రికార్డు వేరే ఉంది. బస్తర్‌లో జగదల్‌పూర్ దగ్గర దండక్ గుహలో పై నుంచి చుక్కచుక్కగా కారి నేల మీద పేరుకున్న సున్నపు స్తంభాన్ని కోసి, యురేనియం-థోరియం పద్ధతిలో పొరల వయసు కట్టారు. సామాన్య శకం 600 నుంచి 1500 దాకా వానల చరిత్ర దొరికింది. 2007లో వచ్చిన పని. 14వ శతాబ్దం మధ్య నుంచి 15వ శతాబ్దం మధ్య దాకా దశాబ్దాలపాటు సాగిన ఎండు కాలాలు అందులో స్పష్టంగా ఉన్నాయి. 1396లో మొదలై పన్నెండేళ్లు దక్కన్‌ను చంపిన దుర్గాదేవి కరువు ఆ కాలంలోదే. అంటే కాకతీయులు పోయాక వచ్చిన కరువులు అవి. రామప్ప గుడి శాసనం 1213 నాటిది, ఆ చెరువులు వానలు కాస్త మెరుగ్గా ఉన్న రోజుల్లో కట్టినవి.

ఆ గుహ ఉన్నది గోదావరి పరివాహకంలోనే. మన వానల చరిత్ర అది.

ఓరుగల్లు_కోట
అట్లయితే వానలు మంచిగున్నప్పుడే చెరువులు కట్టిండ్రు, కరువొచ్చినప్పుడు అవి అక్కరకొచ్చినయ్. మనం ఉల్టా చేస్తున్నం. కాలమైన ఏడు చెరువు శిఖంల ప్లాట్లు అమ్ముతం, కాలం కాని ఏడు బోరు బండి కోసం ఉరుకుతం.

గోదారి_లంక
ఇంకా వెనక్కి పోవాలంటే గోదావరి నోటి దగ్గర బంగాళాఖాతంలో తీసిన మట్టి స్తంభం ఉంది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల (సముద్రం అడుగున మంచులాంటి పదార్థంలో చిక్కుకున్న గ్యాస్) కోసం సముద్రంలో బోర్లు వేసినప్పుడు తీసింది. ఆ మట్టిలో ఏం చూశారో తెలుసా? ఆకుల మైనం! ప్రతి ఆకు మీద పల్చగా మైనం పూత ఉంటుంది, అది వాగులో కొట్టుకొచ్చి సముద్రంలో మట్టితో కలిసి పడిపోతుంది, వేల ఏళ్లు చెడదు. చెట్లు ఎక్కువున్న అడవి మైనానికీ, ఎండను తట్టుకునే గడ్డి మైనానికీ కార్బన్ ఐసోటోపుల్లో తేడా ఉంటుంది. పొర పొరకూ అది కొలిస్తే, దాదాపు 4,000 ఏళ్ల కింద నుంచి 1,700 ఏళ్ల కింద దాకా గోదావరి పరివాహకం మెల్లమెల్లగా ఎండుతూ వచ్చిందని తేలింది. 2012లో ప్రచురించారు. తర్వాత అదే మట్టిలో దక్కన్ నల్లరేగడి పెద్ద ఎత్తున కొట్టుకొచ్చిన ఆనవాలు కూడా చూశారు. అడవి పల్చబడి సాగు పెరిగాక నేల కోసుకుపోయిందన్నమాట.

మేఘాలయలో మామ్లూ గుహ స్తంభంలో కూడా 4,200 ఏళ్ల కిందటి కరువు ఉంది. ప్రపంచ భూశాస్త్ర సంఘం 2018లో ఇప్పటి కాలఖండానికి "మేఘాలయన్" అని పేరు పెట్టింది ఆ స్తంభాన్ని గుర్తుగా పెట్టుకునే.

మెట్ట_రైతు
ఆకు మైనం సంగతి ఇప్పుడే మా ఇంట్లో చెప్పాను, ఎవరూ నమ్మట్లేదు.

నంద్యాల_నాపరాయి
ఈ పాత లోకం మాటలు నడుస్తాండాయి కాబట్టి ఒకటి చెప్తా. మా జ్వాలాపురం దగ్గర జుర్రేరు వాగు లోయలో తెల్లటి బూడిద పొర ఉంది, ఒక్కోచోట మనిషి లోతు కంటే ఎక్కువ. సుమారు 74,000 ఏండ్ల కిందట సుమత్రాలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు వచ్చి పడిన బూడిద అది. దాని కిందా రాతి పనిముట్లు దొరికినాయి, పైనా దొరికినాయి. 2007లో సైన్స్ పత్రికలో వచ్చింది. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఆ లోయలో మనుషులు మళ్లా బతికినారంటే ఆ వాగులో నీళ్లు ఉండబట్టే అని నా నమ్మకం. ఆ బూడిదను తవ్వి అమ్ముకున్నారు, సగం పోయింది. ఉన్న సగమన్నా కాపాడుకోవాల.

సైన్సు_టీచర్
అసలు విషయం ఒకటి పక్కకు పోతోంది. బత్తాయి_తోట వాళ్ల మండలం పక్కనే మర్రిగూడ, చండూరు. ఫ్లోరైడ్ గురించి ఇంతవరకు ఒక్కరూ మాట్లాడలేదు!

ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగితే పళ్లు, ఎముకలు పాడయ్యే జబ్బు ఫ్లోరోసిస్. మన దేశంలో ఈ జబ్బును మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్లగొండ పేరు ప్రపంచమంతా తెలిసింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్ నీరి సంస్థ కనిపెడితే దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు వచ్చింది. నేను పాఠం చెప్పిన పిల్లల పళ్లు చూశాను, వంగిన కాళ్లు చూశాను. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు.

గ్రానైట్‌లోని బయొటైట్, అపటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి దిగుతుంది. నీళ్లు రాతిలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత ఎక్కువ దిగుతుంది. అందుకని ఏజెంట్ చెప్పినట్టు నిజంగా పాత నీళ్లే తగిలాయనుకోండి, అవి తాగడానికి ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఇంట్లో పిల్లలు తోటలో బోరు దగ్గర దోసిలి పట్టి తాగుతారు, ఎవరూ ఆపలేరు.

ట్రిటియం
టీచర్ గారు చెప్పినదానికి తోడు. మహేశ్వరంలో ఇంకోటి కూడా గమనించారు. వరి మడికి బోరు నీళ్లు పెడితే దాదాపు సగం మళ్లీ కిందికి దిగుతుంది. అది దిగేలోపు ఆవిరి వల్ల ఉప్పులు చిక్కబడతాయి. అవే నీళ్లు తోడి, మళ్లీ పెట్టి, మళ్లీ తోడితే కాల్షియం సున్నంగా పేరుకుని ఫ్లోరైడ్ నీళ్లలోనే పెరుగుతూ పోతుంది. ఒకే నీళ్లను తిప్పితిప్పి వాడే ఊళ్లో లోతు లేకపోయినా ఫ్లోరైడ్ పెరుగుతుందన్నమాట.

బత్తాయి_తోట
టీచర్ గారూ, మా ఇంట్ల మా నాయనమ్మకు ఆ జబ్బు ఉండె. తాగే నీళ్లు ఇప్పుడు నల్లాల వస్తున్నయ్. బోరు నీళ్లు చెట్లకే. చెట్లకు ఏమన్న అయితదా?

సైన్సు_టీచర్
ఫ్లోరైడ్ సంగతి కంటే, అలాంటి నీళ్లలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువగా ఉంటాయి, అది బత్తాయికి పడదు. నేల బిగుసుకుంటుంది, ఆకులు పసుపెక్కుతాయి. వేసవిలో ఉన్న బోరు నీళ్లే ఒకసారి పరీక్షకు పంపించు నాయనా. ఉప్పుల లెక్క, సోడియం, బైకార్బొనేట్ రాసిమ్మని అడుగు.

డల్లాస్_నుంచి
ఉపగ్రహంతో భూమి కింద నీళ్లు కొలుస్తున్నారు కదా, దాన్ని చూసి ఎక్కడ బోరు వేయాలో తెలుసుకోలేమా?

శిలాపథం
గ్రేస్ ఉపగ్రహాల గురించేనా? అవి భూమి ఆకర్షణలో తేడా చూసి నీళ్ల బరువు కొలుస్తాయి. 2002 నుంచి 2008 మధ్య పంజాబ్, హర్యానా, రాజస్థాన్ కలిసి 109 ఘన కిలోమీటర్ల భూగర్భ జలం పోగొట్టుకున్నాయని చెప్పింది వాటి లెక్కలే. కానీ అవి ఒకేసారి కొన్ని వందల కిలోమీటర్ల నేలను చూస్తాయి. ఉమ్మడి జిల్లా మొత్తం కూడా వాటికి చిన్నదే. తోటలో పాయింట్ పెట్టవు.

రాగి_సంగటి
మాది కదిరి పక్క. బోర్లు ఏసి ఏసి ఊర్లకు ఊర్లు బెంగళూరికి పోయినాయి. నాకు జియాలజీ రాదు గానీ మేం చేసిన పని ఒకటి చెప్తా, వింటే వినండి.

ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో రైతులే నీళ్లు కొలుచుకునే ప్రాజెక్టు జరిగింది, ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) సాయంతో. అనంతపురం ఉంది, మీ నల్లగొండ కూడా ఉంది. ఊరికో వానమాపకం పెట్టినారు, కొన్ని బోర్లను గుర్తు పెట్టుకుని నీటిమట్టం టేపుతో కొలిచి గోడ మీద రాసేవాళ్లం. ఆడవాళ్లు కూడా కొలిచినారు. వానాకాలం అయినాక అందరూ కూర్చుని లెక్క ఏసేవాళ్లం: ఇంత వాన పడింది, ఇంత ఇంకింది, ఇంత వాడుకోవచ్చు, వరి ఏస్తే ఇంత కావాల, శనగ ఏస్తే ఇంత చాలు. పంట నీళ్ల బడ్జెట్ అనేవాళ్లం. ఎవరినీ బలవంతం చేయలా. లెక్క కంటికి కనబడితే మనిషి తనంతట తనే వరి తగ్గిస్తాడు. మా ఊర్లో చానామంది తగ్గించినారు. ప్రాజెక్టు అయిపోయినాక కొలత నిలబడిన ఊర్లూ ఉన్నాయి, నిలబడని ఊర్లూ ఉన్నాయి. నిలబడిన చోట ఒకరిద్దరు పట్టుబట్టి ఉంటారు, అంతే తేడా.

శిలాపథం
రాగి_సంగటి గారూ, ఈ చర్చలో అన్నిటికంటే విలువైన పోస్టు మీది. ఎందుకో ఒక లెక్కతో చెబుతా. మన గ్రానైట్ పొర మొత్తం పరిమాణంలో నీళ్లు పట్టే జాగా మహేశ్వరంలో ఒకటిన్నర శాతం లోపే వచ్చింది. ఎంత తక్కువో చూడండి. దీనికి రెండో వైపు కూడా ఉంది. జాగా తక్కువ కాబట్టి నాలుగు అంగుళాల నీళ్లు ఇంకితే చాలు, మట్టం ఇరవై అడుగులకు పైగా లేస్తుంది. అంతే నీళ్లు తోడితే అంతే దిగుతుంది. ఇసుకరాయి నేలల్లో తప్పు చేస్తే తెలియడానికి తరం పడుతుంది, మన దగ్గర ఏడాదిలో తెలుస్తుంది. సరిదిద్దుకుంటే ఏడాదిలోనే కనబడుతుంది కూడా.

అందుకే బత్తాయి_తోట, పన్నెండు వందల అడుగుల డబ్బు వద్దు. అందులో చిన్న భాగంతో చేయగలిగేవి చూడండి. మీ చేలో పాత బాయి ఉందా?

బత్తాయి_తోట
ఉన్నది. తాత తవ్విచ్చిన మోట బాయి. పూడ్చుదామని నాయిన అంటున్నడు, పిల్లలు పడ్తరని.

శిలాపథం
పూడ్చొద్దు! చుట్టూ కంచె వేయండి. ఆ బాయి మొరం పొర అంతా దాటి బండ దాకా ఉంటుంది, నీళ్లు ఇంకడానికి అంతకంటే మంచి దారి మీరు కొత్తగా తవ్వలేరు. వాన నీటి కాలువను దాంట్లోకి తిప్పండి, ముందు ఒక గుంత తవ్వి కంకర, ఇసుక వేసి బురద ఆపండి. ఎండిన బోరులోకి మాత్రం పొలం నీళ్లు నేరుగా వదలొద్దు. చాలామంది వదులుతున్నారు. తోటకు కొట్టిన మందులన్నీ వడకట్టు లేకుండా పగుళ్లలోకి పోతాయి, పక్కవాళ్ల బోరులో తేలతాయి.

చేను ఎగువన నల్లరాయి గట్టు లాంటిది అడ్డంగా పోతోందా అని కూడా చూడండి. డోలరైట్ గోడలు అవి, గ్రానైట్‌ను నిలువునా కోసుకుని ఉంటాయి. నీళ్లు దాన్ని దాటలేక ఎగువ వైపు నిలుస్తాయి. ఒకే ఊళ్లో గట్టుకు అటువాళ్లకు నీళ్లుండి ఇటువాళ్లకు లేకపోవడానికి చాలాసార్లు అదే కారణం.

బోరు_రాజు
బత్తాయి చెట్లు ఎండిపోతుంటే బాయి నిండేదాకా ఆగమంటారా? ఆ రైతు బాధ కూడా చూడాలిగా సార్.

కేసింగ్_పైపు
రాజన్నా, ఆ బాధ మేము పడ్డం. ఆ ఎండకాలం ట్యాంకర్లు పెట్టి చెట్లను కాపాడుకున్నం. ట్యాంకర్ల ఖర్చు బోరు అప్పు కన్న తక్కువైంది. చెట్ల కాయ తెంపేసి, కొమ్మలు కత్తిరిచ్చి, పాదులల్ల వరిగడ్డి పరిస్తే తక్కువ నీళ్లకే బతికినయ్. ఒక ఏడు పంట పోయింది, తోట మిగిలింది.

సైన్సు_టీచర్
ఈ సమాధానం రైతే చెప్పాలి, చెప్పారు.

బత్తాయి_తోట
గిదంత నాయినకు చదివి వినిపిచ్చిన. పాత బాయి మాటకు కొంచెం మెత్తబడ్డడు. "ఏజెంట్ అయితే పక్కా చెప్పిండు, వీళ్లు పక్కా చెప్పుతలేరు" అంటున్నడు. నల్లరాయి గట్టు మాత్రం ఉన్నదట, మాకు ఎగువన గుట్ట దాకా పోతదట. మాది దిగువ దిక్కే.

శిలాపథం
ఆ గట్టు ముక్క చాలా ముఖ్యం. దిగువ వైపు ఉన్నారు కాబట్టి కొత్త బోరు వేయకపోవడానికి ఇంకో కారణం దొరికింది. గట్టు ఎక్కడన్నా విరిగి, వాగు దాన్ని కోసుకుని వచ్చే చోటు ఉంటే ఆ జాగా ఫోటో తీసి పెట్టండి, చూద్దాం.

రాగి_సంగటి
ఫోటో తీసే లోపల ఒక పని చెయ్యి తమ్ముడూ. ఉన్న బోరు మట్టం వారానికోసారి కొలువు. టేపుకు బరువు కట్టి దింపితే సాలు, చప్పుడు తెలుస్తాది. మోటారు ఆడుతున్నప్పుడు కొలవద్దు, రాత్రంతా ఆపి తెల్లారి మోటారు ఏసే ముందు కొలువు, లేకుంటే లెక్క తప్పుతాది. మీ మండలంలో భూగర్భ జల శాఖ వాళ్ల కొలత బోరు ఉంటాది, దాని నెల నెలా లెక్క ఆఫీసులో అడుగు. వాళ్లదీ నీదీ పక్కపక్కన రాయి. మీ నాయిన చేతనే రాయించు.

ట్రిటియం
ఎండాకాలం చివర, వానలు పడ్డ నెలకు, రెండుసార్లు నీళ్లు సీసాలో నిండా పట్టి గాలి లేకుండా బిగించి పెట్టగలిగితే నాకు చెప్పండి. పాత బాయివి, బోరువి, ఎగువ చెరువువి వేరు వేరుగా పట్టాలి. మా ల్యాబ్‌లో ఆక్సిజన్ ఐసోటోపులు చూడగలనేమో మా గైడ్‌ను అడుగుతాను.

బత్తాయి_తోట
పడ్త మేడం. సీసా ప్లాస్టిక్‌దా, గాజుదా?

ట్రిటియం
బిగుతు మూత ఉన్న గాజుది మేలు. దొరక్కపోతే గట్టి ప్లాస్టిక్ చాలు. మీద తేదీ, బోరు లోతు, మోటారు ఎంతసేపు నడిచాక పట్టారో రాయండి. కనీసం పది నిమిషాలు పోయనిచ్చి పట్టండి, పైపులో నిలవున్న నీళ్లు మాకు వద్దు.